ఉప్పుగాలిలో పాత ఎమ్‌జీబీ: పార్టు మార్చే ముందు ఎర్తు చూడండి

బీచ్ రోడ్డు మీదుగా వచ్చే గాలి మన వైజాగ్‌లో పాత కారుకి నెమ్మదిగా పట్టే జబ్బు. బాడీ తుప్పు కంటికి కనిపిస్తుంది, వెంటనే పని మొదలుపెడతాం. తీగల కొసల్లో పట్టిన పచ్చటి కిలుం మాత్రం ఎవరికీ కనపడదు. హెడ్‌లైటు మసకబారితే బల్బు మారుస్తారు, సెల్ఫ్ మెల్లగా తిరిగితే బ్యాటరీ మారుస్తారు, ఇండికేటర్ ఆగి ఆగి వెలిగితే ఫ్లాషర్ మారుస్తారు. ఇంగ్లండ్ నుంచి పార్టు తెప్పించి, కస్టమ్స్ సుంకం కట్టి, బిగించాక కూడా జబ్బు అలాగే ఉంటుంది. 1962 నుంచి 1980 దాకా తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎమ్‌జీబీలో చాలావరకు కరెంటు ఇబ్బందులు ఎర్తుల్లోనూ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారుల్లోనూ), జాయింట్లలోనే ఉంటాయి. పార్టు మీద అనుమానం ఆఖరున రావాలి.

అన్నిటికంటే ముందు, బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసిందో చూడండి. 1967కి ముందువి డైనమో కార్లు, పాజిటివ్ ఎర్తు. ఆ ఏడాది మార్పుతో ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్తు వచ్చాయి. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి బండి వయసు చూసి నమ్మకండి, కళ్లతో చూసుకోండి. పాజిటివ్ ఎర్తు బండిని మార్చాలంటే బ్యాటరీ కొసలు తిప్పితే సరిపోదు. కాయిల్ మీది రెండు తీగలు అటూ ఇటూ మార్చాలి. డైనమో ‘ఎఫ్’ టెర్మినల్ నుంచి తీగ విప్పి, ఆ టెర్మినల్‌ని బ్యాటరీ లైవ్ కొసకి క్షణం పాటు తాకించి దిశ మార్చాలి. పాత ఆర్‌పీఎమ్ మీటరుకి లోపల పని చేయించాలి.

ఇక కొలత. మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు, కాకపోతే ఓమ్‌లలో కొలవకండి. ఒకే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా ఓమ్‌లలో సున్నా చూపిస్తుంది, లోడు పడగానే చేతులెత్తేస్తుంది. కొలవాల్సింది కరెంటు పారుతున్నప్పుడు ఎన్ని వోల్టులు దారిలో పోతున్నాయో. నెగటివ్ ఎర్తు బండిలో హెడ్‌లైట్లు వెలిగించి, మీటరు నల్ల కొస బ్యాటరీ నెగటివ్ స్తంభం మీదే పెట్టండి, క్లాంపు మీద వద్దు. ఎర్ర కొస బల్బు హోల్డరు ఎర్తు తీగకి తగిలించండి. 0.2 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టే. 0.5 దాటితే దారిలో ఎక్కడో కిలుం ఉంది. అదే పద్ధతిలో బ్యాటరీ పాజిటివ్ స్తంభానికీ బల్బు పాజిటివ్‌కీ మధ్య కొలిస్తే స్విచ్చులో, తీగలు కలిపే బుల్లెట్ కనెక్టర్లలో పోయేది తెలుస్తుంది. ఇంజను ఎర్తు కోసం కాయిల్ తీగ విప్పి సెల్ఫ్ కొట్టించి, ఇంజను బ్లాకుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చూడండి. అక్కడ అర వోల్టు దాటకూడదు.

ఈ ఇంజను ఎర్తు విషయం కాస్త విడమరచాలి. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, కాబట్టి దానికీ బాడీకీ మధ్య అల్లిన రాగి స్ట్రాపు ఒక్కటే కరెంటు దారి. అది తెగినా, బోల్టు కింద పెయింటు ఉన్నా, వందల ఆంపియర్ల సెల్ఫ్ కరెంటు చోక్ కేబులూ యాక్సిలరేటర్ కేబులూ వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబులు వేడెక్కితే కారణం ఇదే. కొత్త పెయింటు వేయించిన బండిలో ఇది మరీ ఎక్కువ: పెయింటరు నున్నగా అంతా కప్పేస్తాడు, ఎర్తు బోల్టుల కింద కూడా. స్ట్రాపు విప్పి, కింద ఇనుము తెల్లగా కనపడే దాకా 120 నంబరు ఎమరీ కాగితంతో గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ పైన వ్యాజలీన్ రాయాలి. బిగించాకే రాయాలి, ముందు కాదు.

బుల్లెట్ కనెక్టర్లు లూకాస్ (ఈ బండి కరెంటు పార్టులు చేసిన కంపెనీ) పద్ధతిలో 4.7 మి.మీ ఇత్తడి బుల్లెట్లు, నల్ల రబ్బరు లోపల లోహపు తొడుగు. తొడుగు వదులైతే శుభ్రం చేసి లాభం లేదు, పారేసి కొత్తది వేయండి. బుల్లెట్ బాగుంటే 400 నంబరు కాగితం చాలు. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమినట్టు ఇక్కడ చేయొద్దు. పులుపు తీగ పోగుల మధ్యకి పాకి ఇన్సులేషన్ లోపలే రాగిని తినేస్తుంది. తీగ కొస కత్తిరించి చూస్తే రాగి నల్లబడి ఉంటే, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కత్తిరించుకుంటూ పోవాలి. నల్ల రాగికి టంకం అంటదు. టంకం వేసేటప్పుడు రోజిన్ ఫ్లక్స్ మాత్రమే వాడండి. యాసిడ్ ఫ్లక్స్ మన తేమలో ఏడాది తిరక్కుండానే జాయింటుని తింటుంది.

హార్నెస్ (బండిలోని తీగల కట్ట) మొత్తం మార్చాలా అంటే, చాలాసార్లు అవసరం లేదు. రంగులు గుర్తుంటే సగం పని అయినట్టే: గోధుమ రంగు తీగ ఎప్పుడూ లైవ్, ఫ్యూజు లేదు. తెలుపు ఇగ్నిషన్ తిప్పాక లైవ్, దానికీ ఫ్యూజు లేదు. ఆకుపచ్చ ఇగ్నిషన్‌తో, ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ లైవ్, ఫ్యూజు దాటాక. నీలం మీద తెలుపు చార హై బీమ్, ఎరుపు చార డిప్, నలుపు ఎర్తు. గోధుమ, తెలుపు రెండూ ఫ్యూజు లేనివి కాబట్టే డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ విప్పాలి. వెనక పెట్రోలు పంపుకి వెళ్లే తీగ కూడా తెలుపే. అది ఎక్కడైనా రేకుకి ఒరుసుకుందంటే హార్నెస్ అంతా కాలిపోతుంది. పంపు దగ్గర 7.5 ఆంపియర్ల లైన్ ఫ్యూజు వేస్తే పంపు వరకే కాపాడుతుంది. తీగకి కాపు కావాలంటే అది మొదలయ్యే చోటే, ముందు వైపు వేయాలి.

ఫ్యూజుల దగ్గర ఒక పెద్ద పొరపాటు జరుగుతూ ఉంటుంది. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద ‘35’ అంటే 35 ఆంపియర్లకి కాలిపోతుందని. నిలకడగా మోసేది 17 మాత్రమే. ఇప్పుడు ఎలక్ట్రికల్ షాపులో 35 అని అడిగితే ఇచ్చేది నిలకడగా 35 మోసేది. దాని వెనకున్న 28/0.30 తీగ (0.30 మి.మీ పోగులు 28) మోయగలిగేది 17.5 ఆంపియర్లు. అంటే ఫ్యూజు కంటే ముందు తీగ కాలుతుంది. 17 దొరక్కపోతే 20 వేయండి, అంతకంటే పైకి వద్దు.

హెడ్‌లైట్లకి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు) పెట్టడం ఈ బండికి చేయగల మేళ్లలో మొదటిది. 60/55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు వేస్తే హై బీమ్‌లో 10 ఆంపియర్లు స్విచ్చు గుండా, డిప్ స్విచ్చు గుండా పోతాయి. ఆ స్విచ్చులు దొరకడమే కష్టం, వాటిని కాల్చుకోవడం ఎందుకు? రెండు 30 ఆంపియర్ల రిలేలు, ఒకటి హై, ఒకటి డిప్. రిలే మీది నంబర్లు చూసుకుని, పాత తీగ 86కి, ఎర్తు 85కి, బ్యాటరీ నుంచి 28/0.30 తీగ 30కి, బల్బులు 87కి. ఒక్కో ఫిలమెంటుకి విడిగా 10 ఆంపియర్ల ఫ్యూజు పెడితే ఘాట్ రోడ్డులో రాత్రి పూట ఒకటి పోయినా రెండోది ఉంటుంది. చుట్టడానికి మామూలు ఇన్సులేషన్ టేపు వద్దు, మన ఎండకి జిగురు కారిపోతుంది. జిగురు లేని పీవీసీ టేపు గానీ బట్ట టేపు గానీ వాడండి.

ఇగ్నిషన్‌లో అరిగేవి తక్కువే, కానీ మోసం చేస్తాయి. 25డీ4 డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్ల ప్లేటు నుంచి బాడీకి చిన్న ఎర్తు తీగ ఉంటుంది. అది లోపల తెగితే ఇంజను గతుకుల్లో దడదడలాడి మళ్లీ బాగైపోతుంది, అందరూ కార్బ్యురేటర్ విప్పుతారు. పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్గు గ్యాప్ 0.025. షాఫ్టుని పక్కకి ఊపి చూడండి. ఆట ఉంటే గ్యాప్ ఎంత సరిగ్గా పెట్టినా నిలవదు, బుష్‌లు మార్చాలి.

ఇక్కడ మనకో అదృష్టం ఉంది. ఎమ్‌జీబీ 1798 సీసీ ఇంజనూ, అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనూ ఒకే బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబం. రెండిటి స్ట్రోకూ 88.9 మి.మీ, ఫైరింగ్ ఆర్డరూ 1-3-4-2. గాజువాక ఆటోనగర్‌లో అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన పెద్ద మేస్త్రీ ఎవరైనా ఉంటే టాపెట్ల పని ఆయనకే ఇవ్వండి. హెడ్ గ్యాస్కెట్ మాత్రం అంబాసిడర్‌ది వాడకూడదు, ఎమ్‌జీబీ బోర్ (సిలిండరు వ్యాసం) దానిలా 73 కాదు, 80 మి.మీ పైన.

కానీ ముందువైపు చక్రాల హబ్ దగ్గర పాత అలవాటు పనికిరాదు. రెండు బేరింగుల మధ్య స్పేసరు, దాని పక్కన షిమ్‌లు (పలుచటి వాషర్లు) ఉంటాయి. అది తీసేసి నట్టు చేత్తో సరిపెట్టే వాళ్లున్నారు. ఆ స్పేసరే స్టబ్ యాక్సిల్‌కి బలం. అది లేకపోతే యాక్సిల్ వంగి వంగి విరుగుతుంది. షిమ్‌లతో 0.002 నుంచి 0.004 అంగుళం ఆట ఉంచి, నట్టు 40 నుంచి 70 పౌండ్-అడుగుల టార్కుకి బిగించాలి, స్ప్లిట్ పిన్ను రంధ్రం ఆ మధ్యలో కలుస్తుంది.

కింగ్‌పిన్ను (స్టీరింగు తిప్పితే ముందు చక్రం తిరిగే ఇరుసు) అరుగుదల చూడాలంటే చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి, రెండో మనిషిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగు, ఉంటే కింగ్‌పిన్ను. కొత్త బుష్‌లు వేశాక రెండూ ఒకే వరసలో రీమర్ పట్టించాలి. విడివిడిగా చేస్తే స్టీరింగు బిగుసుకుంటుంది. గ్రీజు కొట్టేటప్పుడు చక్రాలు నేలమీద ఉండకూడదు, బరువు ఉన్న వైపు గ్రీజు పోదు. లోపలి విష్‌బోన్ (చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ చెయ్యి) రబ్బర్ల స్థానంలో వీ8 మోడల్ బుష్‌లు వేస్తే ఎక్కువ కాలం వస్తాయి. అయితే ఆ నట్లు జాక్ మీద ఉండగా బిగించొద్దు. బండి దించి బరువు పడ్డాక బిగించాలి, లేదంటే రబ్బరు మెలిపడి నెలల్లోనే చిరుగుతుంది.

బ్రేకు రబ్బరు గొట్టాలు పైకి బాగున్నా మార్చేయండి. లోపల ఉబ్బితే ఒత్తిడి వెళ్తుంది గానీ వెనక్కి రాదు, ఒక చక్రం పట్టేస్తుంది. పెట్రోలు గొట్టాలూ అంతే. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కాబట్టి ఇథనాల్‌కి తట్టుకునే గొట్టం, విటాన్ కొస ఉన్న ఫ్లోట్ వాల్వులు వేయాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఊపేసినట్టు మళ్లీ తుఫాను హెచ్చరిక వస్తే బ్యాటరీ నెగటివ్ విప్పి ఉంచండి. బండికి ఉప్పునీరు తగిలితే అదే రోజు మంచినీళ్లతో కడిగి, ఎర్తు బోల్టులన్నీ మళ్లీ విప్పి, ఆరబెట్టి, పైన చెప్పిన కొలతలు మొదటి నుంచి తీసుకోండి.