బత్తాయి ఆకు మీద ఒక మిల్లీమీటరు గుడ్డు: 55-250 జూమ్‌తో నా మాక్రో ప్రయత్నం

నాలుగు ఆదివారాలుగా నల్లగొండ దగ్గర చిన్నాయన బత్తాయి తోటకు వెళ్తున్నాను. వానలు పడి లేత చిగురు వచ్చింది. నిమ్మజాతి చెట్ల మీద వాలే నలుపు, లేత పసుపు మచ్చల సీతాకోకచిలుక ఆ చిగురు మీద ఒక్కో గుడ్డే పెట్టి పోతుంది. గుడ్డు ఒక మిల్లీమీటరు. నా దగ్గర చిన్నవాటిని పెద్దగా తీసే మాక్రో లెన్స్ లేదు, చిన్న సెన్సర్ ఉన్న కెనాన్ కెమెరా (క్రాప్ బాడీ), 55-250 మి.మీ. జూమ్ లెన్స్ ఉన్నాయి.

ఈ జూమ్ 1.1 మీటర్ల కంటే దగ్గర ఫోకస్ కాదు. జూమ్ రింగును చివరికంటా, 250 దగ్గరికి, తిప్పి స్టీలు స్కేలును ఫోటో తీస్తే ఫ్రేములో ఏడు సెంటీమీటర్లు పట్టింది. అందులో గుడ్డు చుక్కలా కనిపించింది.

రెండో వారం 58 మి.మీ. ప్లస్ 4 క్లోజప్ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించే భూతద్దం లాంటి అద్దం, బిగించాను. ఫోకస్ ఇన్ఫినిటీలో (అతి దూరానికి) పెడితే ఆకు ఎప్పుడూ ఫిల్టర్ నుంచి 25 సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి, జూమ్ ఎంత తిప్పినా అంతే. 55 దగ్గర ఫ్రేములో పది సెంటీమీటర్ల వెడల్పు పట్టింది, 250 దగ్గర 22 మిల్లీమీటర్లు. సెన్సర్ వెడల్పు కూడా దాదాపు అంతే కాబట్టి ఒకటికి ఒకటి, అంటే సెన్సర్ మీద అసలు సైజు బొమ్మ, వచ్చేసినట్టే. దూరం మారకుండా జూమ్ రింగుతోనే సైజు మార్చుకోవచ్చు, నాకు ఇది చాలా నచ్చింది. అంచుల్లో ఊదారంగు గీత వస్తుంది, అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 11కు చిన్నది చేస్తే చాలావరకు తగ్గింది.

బాడీ మీది ఫ్లాష్ వేస్తే పొడుగు లెన్స్ నీడ ఆకు మీద పడింది. టిఫిన్ పెట్టే తెల్ల థర్మకోల్ ప్లేటుకు గుండ్రంగా రంధ్రం కోసి లెన్స్ ముందు తొడిగాను. వెలుతురు మెత్తగా పరుచుకుంది.

అసలు కష్టం గాలి. పొద్దున ఎనిమిది దాటితే ఆకు నిలవదు. కర్ర పాతి, బట్టల క్లిప్పుతో కొమ్మను దానికి పట్టించాను. ఆటోఫోకస్ ఆపేసి, కెమెరానే ముందుకూ వెనక్కూ జరుపుతూ వరసగా తీశాను. ఇరవైలో రెండు పనికొచ్చాయి.

మూడో వారం ఇంకా దగ్గరికి వెళ్లాలనిపించింది. అద్దాలు పగిలిన రెండు ఫిల్టర్ల రింగులను, ఒకటి 58, ఒకటి 52, లెన్స్‌కు బిగించే వెనకవైపు మర బయటికి ఉండేలా ముఖానికి ముఖం పెట్టి అరల్డైట్‌ జిగురుతో అతికించాను. ఒక రాత్రి ఆరనిచ్చాను. దాంతో పాత 50 మి.మీ. మాన్యువల్ లెన్స్‌ను జూమ్ ముందు తిరగేసి బిగించాను. 250ని 50తో భాగిస్తే ఐదు రెట్లు, ఫ్రేము వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. పాత లెన్స్ అపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచాలి, కట్టడి జూమ్ అపర్చర్‌తోనే. జూమ్ తగ్గిస్తే చుట్టూ నల్లటి వలయం వస్తుంది. ఆకు నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి ప్లేటు అడ్డం, పాల కవరు చుట్టిన ఎల్‌ఈడీ టార్చ్ పక్క నుంచి పెట్టాను. బరువుకు లెన్స్ కిందికి వాలుతోంది, చేయి కింద పెట్టక తప్పదు.

"ఆకు తినే పురుగుకు ఫోటో ఏందిరా, రేపు మందు కొడ్తున్న" అన్నాడు చిన్నాయన. స్క్రీన్‌లో గుడ్డు చూపించాను. పసుపు పోయి నల్లబడింది, లోపల ఏదో చుట్టుకుని ఉన్నట్టుంది. చాలాసేపు చూశాడు.

నిన్న పోయేసరికి గుడ్డు లేదు. దాని పక్కనే పిట్ట రెట్టలా ఉన్న చిన్న గొంగళి పురుగు. ఆ ఒక్క చెట్టుకు మాత్రం చిన్నాయన మందు కొట్టలేదు.