మా బోరు, మా ఇష్టం

మే నెల, ఆదివారం. హన్మకొండ.

పొద్దున్నే మా కాలనీ కమిటీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. వానలు పడేదాకా పైపు పట్టి కార్లు, బైకులు కడగొద్దు. చెట్లకు చెంబుతోనో బకెట్‌తోనో పోసుకోవచ్చు, అదీ ఎండ ఎక్కకముందు, లేదంటే పొద్దుగూకినంక. వాకిట్లో, రోడ్డు మీద నీళ్లు కొట్టొద్దు. నల్లాకు మోటారు బిగిస్తే మాత్రం ఊరుకునేది లేదు. కింద వరసగా దండాలు, బొటనవేళ్లు. ఒకాయన అలవాటు కొద్దీ గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టాడు. ఆ నాలుగు ముక్కల మీద పగలంతా ఎంత లొల్లి అయిందో రాసిపెట్టుకోవాలనిపించింది.

మా గల్లీలో బోర్లు చాలావరకు ఏప్రిల్‌లోనే చేతులెత్తేశాయి. వెనకింటివాళ్లది పూర్తిగా ఎండింది. మాది మోటారు వేయగానే బాగానే పోస్తుంది, పావుగంటలో దగ్గడం మొదలుపెడుతుంది. కాసేపు గాలి, ఇన్ని నీళ్లు, మళ్లీ గాలి. అప్పుడు బంద్ చేసి ఊట ఊరేదాకా ఆగాలి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చే రోజు మా అత్తమ్మ చీకటితోనే లేచి గోలెం, బిందెలు నింపుకున్నాకే మిగతావాళ్లు స్నానం మాట ఎత్తాలి.

ఆ నల్లా నీళ్లు ఊరికే రావు. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులే ఈ నగరానికి ఆధారం. వాటికి దిగువ మానేరు జలాశయం నుంచి కాకతీయ కాలువ మీదుగా నీళ్లు రావాలి. ధర్మసాగర్‌కైతే దేవాదుల ఎత్తిపోతల పథకం నుంచి గోదావరి నీళ్లు కూడా వస్తాయి. గంగారం దగ్గర నదిలో తోడి, భీంఘన్‌పూర్, పులుకుర్తి దాటించి, మెట్టు మీద మెట్టు ఎక్కించినట్టు మోటార్లతో ఎత్తి తెస్తారు. తెచ్చిన నీళ్లను వడగట్టి, క్లోరిన్ కలిపి పంపిస్తే, మనం గేటు ముందు నిలబడి కారు టైర్ల మీద కొడతాం. కమిటీ చెప్పినా చెప్పకపోయినా ఇది నాకు మొదటినుంచీ మింగుడుపడదు.

అయితే రేపు నర్సంపేట దగ్గర మా మేనమామ మనుమరాలి పెళ్లి. కారేమో వేపచెట్టు కింద పెట్టి పెట్టి, దుమ్ము, పిట్టల రెట్టలతో రంగు తెలియకుండా ఉంది. వెనకద్దం మీద గల్లీ పిల్లలు క్రికెట్ స్కోరు రాసుకున్నారు. "ఇట్లనే పోతే మీవాళ్లే నవ్వుతరు" అన్నాడు మా ఆయన, పైపు చుట్ట విప్పుతూ. ఆయన కారు కడిగితే అరగంట. మా వాకిట్లో నల్లా కింద ఇరవై లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండుతుంది. అంటే అరగంటకు 300 లీటర్లు. మధ్యలో ఫోన్ వస్తే పైపు నేల మీద పారుతూనే ఉంటుంది, అది లెక్కలోకి రాదు. పైపు పట్టుకున్న మనిషికి ఎన్ని నీళ్లు పోయాయో తెలియదు, అదే దాంతో వచ్చిన చిక్కు. బకెట్ అయితే అడుగు కనిపిస్తుంది.

పైపు చుట్ట చుట్టించి, రెండు సగం బకెట్లు ఇచ్చాను. ఒకటి తుడవడానికి, ఇంకోటి గుడ్డ జాడించడానికి. పొడి గుడ్డతో రుద్దితే దుమ్ములోని ఇసుక పెయింటు మీద గీతలు పెడుతుంది కాబట్టి, ముందు రెట్టలు ఉన్నచోట తడిగుడ్డ పరిచి నాననివ్వాలి. తర్వాత పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపులు, చివరికి కింది అంచులు, చక్రాలు. గుడ్డను నాలుగు మడతలు వేసి, ఒక వైపు మురికైతే ఇంకో వైపు తిప్పుకోవాలి. అద్దాలకు ఏసీ పైపు కింద పట్టిన నీళ్లు వాడాం. వాటిలో లవణాలు ఉండవు, ఆరినా మరక పడదు. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు పట్టి కారు తుడవమని చాలామంది సలహా ఇస్తారు గానీ, అవి ఆరాక తెల్లటి చుక్కలు దిగుతాయి. వాటిని బాత్రూం కడగడానికి వాడుకోవడం మేలు. సబ్బు వేయలేదు కాబట్టి మిగిలిన బురద నీళ్లు గేటు పక్క గన్నేరుకు పోశాం. కారు షోరూములో కారులా లేదు. పెళ్లికి పోయేలా ఉంది. చాలు.

ఇక చెట్లు. కారు మురికిగా ఉంటే ఎవరికీ ఏమీ కాదు, మొక్క ఎండితే మళ్లీ రాదు. ఈ రెంటినీ ఒకే మెసేజ్‌లో ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు, కానీ చెట్లకు పైపు వద్దనడం మాత్రం సబబే. పైపుతో కొడితే సగం ఆకుల మీదికి, గోడ మీదికి పోతుంది. మధ్యాహ్నం మందారం ఆకులు వేలాడేసిందంటే అత్తమ్మకు ప్రాణం ఆగదు, చెంబు పట్టుకుని బయలుదేరుతుంది. ఎండకు ఆకు వాలడం వేరు, దాహం వేరు. సాయంత్రానికి ఆకులు నిలబడితే నీళ్లు ఉన్నట్టే. నిలబడకపోతే మట్టిలో వేలు రెండు కణుపులు దించి చూడాలి, లోపల చల్లగా తగిలితే ఆ పూట పోయక్కర్లేదు. రాలిన వేపాకును ఊడ్చి పారేయకుండా మొదళ్ల చుట్టూ మందంగా పరిచాను. కొత్తగా పెట్టిన జామమొక్క పక్కన మట్టికుండను మెడదాకా పాతి, నింపి, మూత పెట్టాను. కుండ గోడల నుంచి నీళ్లు మెల్లగా ఊరుతూ వేళ్లకు అందుతాయి, పైన మట్టి పొడిగానే ఉంటుంది కాబట్టి ఎండకు ఆవిరయ్యేది తక్కువ. కల్యామాకుకు బియ్యం కడిగిన నీళ్లు. మల్లెకు మాత్రం రోజూ పొయ్యాల్సిందే, పూసే కాలం దానిది ఇదే మరి. దర్గా దారిలో రాళ్ల మధ్య తంగేడు ఎవరూ చుక్క పొయ్యకుండానే పచ్చగా నిలబడుతుంది. దాన్ని పెరట్లో పెంచుకునే బుద్ధి మాత్రం మనకు పుట్టదు.

వాకిట్లో నీళ్లు కొట్టొద్దన్న మాట అత్తమ్మకు చదివి వినిపిస్తే ఆమె అడిగింది ఒకటే ప్రశ్న: "సాన్పి గూడ చల్లొద్దన్నరా?" వాకిట్లో సాన్పి చల్లి తడపకుండా ముగ్గు ఎట్లా వేస్తారని ఆమె బాధ. కమిటీలో ఉన్నదంతా మగవాళ్లే, సాన్పి సంగతి వాళ్లకు తట్టి ఉండదు. చెంబెడు నీళ్లు చేత్తో చిలకరిస్తే ఏ రూలూ అడ్డురాదని నేనే తీర్పు చెప్పేశాను.

అసలు గొడవ పదింటికి. ఎదురింటన్న పైపు పట్టి కారు కడుగుతున్నాడు. వెనకింటి వదిన ఖాళీ బిందెతో మా గేటు దగ్గర నిలబడి చూస్తోంది. కమిటీలో ఒకాయన వచ్చి "అన్నా, మెసేజ్ చూడలేదా" అన్నాడు. "చూసిన. నేను నల్లా నీళ్లు ముడుతలేను గద? ఇది మా బోరు, మా ఇష్టం. నా జాగల నా పైసలు పెట్టి వేసిన బోరు మీద కమిటీకి ఏం పని?"

ఆ మాట పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం. సోషల్ టీచర్ని కదా, ఈ సంగతి పిల్లలకు చెప్పిన రోజులున్నాయి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, తన భూమి కింద కాలువలా ఒక దారి కట్టి పారని నీళ్లు తోడుకునే హక్కు ఆ భూమి యజమానిదే. 2002లో వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చాక బావులు, బోర్లు నమోదు చేయాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. కానీ ఉన్న బోరుతో కారు కడిగినాయన దగ్గరికి వాల్టా పుస్తకం పట్టుకుని ఎవరు వస్తారు?

చట్టం సంగతి అలా ఉంచితే, రాయి సంగతి వేరు. మాది ఏకశిలా నగరం. కింద ఉన్నది నల్లరేగడి కాదు, గ్రానైటు. నీళ్లు ఉండేది పైన మెత్తబడిన పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. ఆ పగుళ్లకు ఎవరి కాంపౌండు గోడ ఎక్కడుందో తెలియదు. ఎదురింటి మోటారు నడిచేటప్పుడు మా బోరు త్వరగా దగ్గుతుంది, అది ఆపిన రోజు కాస్త ఎక్కువసేపు పోస్తుంది. నేను గమనించినంతవరకు అంతే. ఎంత లోతుకు వేసిన బోరు అంత భాగ్యం అనుకుంటారు గానీ, లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. లక్షలు పోసి వేసినా దుమ్ము తప్ప చుక్క రాని బోర్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో.

కన్ను చూపించుకోవడానికి వచ్చిన మా బాపు అప్పటిదాకా అరుగు మీద కూర్చుని వింటున్నాడు. పాకాల ఆయకట్టు కింద బతుకంతా వ్యవసాయం చేసిన మనిషి. ఏడు వందల ఏళ్లకు పైబడిన చెరువు అది, గణపతిదేవుని కాలంలో కట్టింది.

"చెరువు నిండని యేడు మేం తైబందీ జేసుకునేది" అన్నాడు. "రైతులందరం గూసునేది. నీళ్లు ఎంతున్నయి, ఎన్నెకరాలకు పారుతయి, ఎవరు ఎంత నాటెయ్యాలె, ముందే మాట అనుకునేది. పది ఎకరాలున్నోడు మూడే నాటేసిన యేండ్లున్నయి. నీళ్లు పంచే నీరడి తిప్పిన కాడికే నీళ్లు. రాత్రి పోయి తూము కాడ గండి గొడితే ఊరు ఊకుంటదా?"

ఎదురింటన్న పైపు దించకుండానే అడిగాడు, "మరి సొంతం బాయి ఉన్నోడు ఏం జేసేది బాపూ? ఆయన గూడ తైబందీ వినాల్నా?"

"బాయిల ఊట ఏడికెల్లి వస్తది కొడుకా? చెరువుకెల్లే గద. చెరువు ఎండినంక ఏ బాయి నిండింది?"

అన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే బాపూ, గని షాంపూ పెట్టిన, ఇది కడిగేస్త" అన్నాడు. నిజమే, కారంతా నురగ. కడగక ఏం చేస్తాడు! కడిగాడు, మోటారు కట్టేశాడు. ఒప్పుకున్నాడనుకోను. వచ్చే ఆదివారం చూడాలి.

మధ్యాహ్నం గ్రూపులో ఈ గొడవే ఇంకో రూపంలో నడిచింది. జరిమానా వేయాలని కొందరు. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగినా, తోటలకు పెట్టినా 5,000 రూపాయలు వేస్తామన్నారు కదా అని ఒకాయన గుర్తుచేశాడు. మా అన్న కూతురు ఇంగ్లండులో లీడ్స్‌లో ఉంటుంది. అక్కడ 2025 జులైలో తోట పైపుల మీద నిషేధం పెట్టారు, 1,000 పౌండ్ల దాకా జరిమానా. బకెట్లు, నీళ్ల క్యాన్లు వాడుకోవచ్చన్నారు. ముసురు పట్టే దేశమని మనం అనుకునేచోట గడ్డి గోధుమరంగుకు తిరిగిందని ఫొటో పంపింది. ఆ నెలలో మాకు ఇక్కడ గొడుగుల కాలం. ఇవన్నీ చదివి కూడా జరిమానా మాటకు నేను చేయి ఎత్తలేదు. కాలనీ కమిటీకి ఆ అధికారం ఎక్కడిది? పైగా జరిమానా కట్టగలిగినవాడు కట్టి కడుగుతాడు. మా బాపువాళ్ల పద్ధతిలో పైసలు కట్టి ఎక్కువ ఎకరాలు నాటేయడం కుదరదు.

ఇంకోటి అడిగాను గ్రూపులో. కార్లు, చెట్లు సరే, కూలర్ల మాటేమిటి? మా హాల్లో కూలర్ ఈ ఎండలకు రోజూ బకెట్ల కొద్దీ తాగుతోంది. రెండు బకెట్లతో కారు తుడిచామని మురిసిపోతూ రాత్రంతా కూలర్ వేసుకుని పడుకుంటాం. దీనికి నా దగ్గరా జవాబు లేదు, 44 డిగ్రీల్లో కూలర్ ఆపమని అత్తమ్మకు చెప్పే ధైర్యం అసలే లేదు. "మేడమ్, అన్నింటికీ లెక్కలు పెట్టకండి" అని ఒకాయన. అన్నింటికీ పెట్టడం లేదు, నీళ్లకే.

రేపు నల్లా వచ్చే రోజు, పెళ్లికి పోయే రోజూ అదే. అందరం చీకటితోనే బయలుదేరాలి. తాళంచెవి వెనకింటి వదినకు ఇచ్చాను. మా గోలెం నింపినంక మిగతా ధార అంతా వాళ్ల హౌజులోకి పట్టుకోమన్నాను. చెట్లకు పోస్తానంది, తులసికి, మల్లెకు తప్పకుండా, మిగతావాటికి నీళ్లను బట్టి. మల్లెమొగ్గలు మాత్రం తనే కోసుకుంటానంది. సరే అన్నాను.