స్పెషలైజేషన్ ఎంచుకునే ముందు సైటు చూడండి: నా సివిల్ ప్రిపరేషన్

సివిల్ ఇంజనీరింగ్ పోటీ పరీక్షకు మొదటిసారి చదివినప్పుడు అన్ని సబ్జెక్టులకూ రోజులు సమానంగా పంచుకున్నాను. తోటివారంతా స్ట్రక్చర్స్ అంటున్నారని నేనూ అదే స్పెషలైజేషన్ అనుకున్నాను. కటాఫ్ అందలేదు. ఆ తర్వాత పది నెలలు సైట్ ఇంజనీరుగా పనిచేశాను. నా చదువు తీరును మార్చింది ఆ పది నెలలే.

తాజా కాంక్రీటు ఎంత జారుగా ఉందో పరీక్షించే స్లంప్ కోన్ ఎత్తు 300 మిల్లీమీటర్లు, అడుగు వ్యాసం 200, పై వ్యాసం 100 అని ఎన్నిసార్లు చదివినా తారుమారయ్యేది. ఒకరోజు కోన్‌ను నిటారుగా పైకి తీయగానే కాంక్రీటు ఒక పక్కకు జారిపోయింది. షియర్ స్లంప్ అంటే ఏమిటో, ఆ మిక్స్‌కు పట్టు చాలలేదని ఎలా తెలుస్తుందో అక్కడే అర్థమైంది.

అంతకంటే లోతుగా నాటుకున్నది పునాది గుంత దగ్గర చూసిన దృశ్యం. చుట్టూ భూగర్భ జలమట్టం పైన ఉండగా గుంతలోని నీటిని పంపులతో తోడుతుంటే, అడుగున ఇసుక ఉడుకుతున్నట్లు బుడబుడమంటూ పైకి లేచింది. కిందినుంచి వచ్చే నీటి ఒత్తిడికి ఎఫెక్టివ్ స్ట్రెస్ (ఇసుక రేణువులు ఒకదానిపై ఒకటి మోపే ఒత్తిడి) సున్నాకు పడిపోతే ఇసుకకు బరువు మోసే శక్తి ఉండదని, అందుకు కావలసిన హైడ్రాలిక్ గ్రేడియంట్ (నీటిమట్టాల తేడాను నీరు నేలలో ప్రయాణించే దూరంతో భాగిస్తే వచ్చేది) సుమారు 1 మాత్రమేనని అంతకుముందు సూత్రంగానే తెలుసు. ఇంజనీరు టెర్జాగీ 1925లో వెలువరించిన మృత్తికా యాంత్రిక శాస్త్రాన్ని (సాయిల్ మెకానిక్స్) ఆ రాత్రి మొదటినుంచి మళ్లీ చదివాను, నేల, పునాదుల శాఖ అయిన జియోటెక్నికల్ వైపు వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

మిత్రులారా, శాఖను ఎంచుకునేటప్పుడు మార్కుల వెయిటేజీతో పాటు ఆ పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. స్లాబ్ పోత మధ్యలో ఆగితే పాత, కొత్త కాంక్రీటు సరిగా అతుక్కోక కోల్డ్ జాయింట్ పడుతుంది కాబట్టి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నవారు ఎంత రాత్రయినా సైటు వదలలేరు. డిజైన్ ఆఫీసులో నీడ ఉంటుంది, కానీ డ్రాయింగుల గడువు దగ్గరపడితే నిద్ర ఉండదు. రోడ్ల పనిలో క్యాంపులు మారుతూనే ఉంటాయి. నీటిశుద్ధి కేంద్రాల్లో షిఫ్టులు తప్పవు. జియోటెక్నికల్‌లో నేల గట్టితనం తెలుసుకోవడానికి తవ్విన బోర్‌హోల్ పక్కన ఎండలో నిలబడి, గొట్టాన్ని నేలలోకి దించే 63.5 కిలోల సుత్తి దెబ్బలు లెక్కపెట్టి, మొదటి 150 మిల్లీమీటర్లకు పడిన దెబ్బలను వదిలేసి తర్వాతి 300కు పడినవాటిని నమోదు చేయాలి. ఆ లెక్కలో అజాగ్రత్త పునాది డిజైన్ దాకా వెళ్తుంది.

రెండో ప్రయత్నంలో సీపేజ్ (నేలలో నీటి ఊట) ప్రశ్న చూడగానే నాకు ఫార్ములా కంటే ముందు ఆ గుంత గుర్తొచ్చింది.