మీది ఏ ఊరు అని అడిగిన డాక్టరు

2024 మార్చిలో మా ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నా క్రియాటినిన్ 1.6 అని వచ్చింది, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె. రిపోర్టులో ఆ అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు, దాని పక్కనే ఉండాల్సిన రేంజి 0.7 నుంచి 1.3 అని. చెకప్ సెంటర్లో కూర్చున్న డాక్టరు కాగితాలు తిప్పి చూసి, షుగర్ లేదు, బీపీ లేదు, వయసు 33, ఏం పర్లేదు, నీళ్ళు బాగా తాగండి, జిమ్‌కి వెళ్తే ప్రొటీన్ పౌడర్ మానెయ్యండి అని చెప్పి పంపేశారు. నేను జిమ్‌కి వెళ్ళను. ఆ మాట చెప్పేలోపే తర్వాతి మనిషిని పిలిచేశారు.

నాది శ్రీకాకుళం జిల్లా, కవిటి మండలం, కారణం తెలియని కిడ్నీ జబ్బు ఇంటింటా కనిపించే ఉద్దానం ప్రాంతం. అక్కడ పుట్టిన వాళ్ళకి 1.6 అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. మా ఊళ్ళో ఇద్దరు మనుషులు కలిస్తే పంట ఎలా ఉంది అన్నట్టే "నీకెంతుంది?" అని అడుగుతారు, అంటే క్రియాటినిన్ ఎంత అని. ఆ రాత్రి హైదరాబాద్‌లో నా గదిలో కూర్చుని ఆ కాగితం ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. చూసిన ప్రతిసారీ నాన్న గుర్తొచ్చాడు.

నాన్నకి 2011లో బయటపడింది, అప్పుడు ఆయనకి 46. కొబ్బరి దింపడం, ఎండాకాలం జీడితోటల్లో పిక్కలు ఏరడం, పొలం పని, ఏది దొరికితే అది చేసేవాడు. షుగర్ లేదు, బీపీ లేదు, మందు అలవాటు లేదు. రెండు నెలలుగా అన్నం సహించడం లేదంటే గ్యాస్ అనుకున్నాం. ఒళ్ళు నొప్పులంటే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూదులు వేయించుకునేవాడు, అవి కిడ్నీకి ఎంత చెడ్డవో అప్పుడు మాకు తెలీదు. కాళ్ళు వాచాక సోంపేటలో రక్తం ఇస్తే మొట్టమొదటి పరీక్షలోనే 7.4. ఈ జబ్బు పద్ధతే అంత, సగం కిడ్నీ పాడయ్యేదాకా రక్తంలో అంకె పెద్దగా కదలదు, మనిషికి ఏమీ తెలీదు, తెలిసేసరికి చేతులు దాటిపోయి ఉంటుంది.

అప్పట్లో మా దగ్గర డయాలసిస్ లేదు. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున సోంపేటలో రైలెక్కి వైజాగ్ వెళ్ళాలి, దాదాపు రెండొందల కిలోమీటర్లు, నాలుగు గంటలు మెషీన్ మీద పడుకుని మళ్ళీ రాత్రికి ఇంటికి. వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగేది, దారి ఖర్చు, తోడు వెళ్ళిన వాళ్ళ కూలి మాత్రం పోయేవి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు, మణికట్టు పైన ఒక వాపులా ఉండేది, దాని మీద వేలు పెడితే లోపల జుమ్మని అదురుతూ ఉండేది, రైల్లో నాన్న నిద్రపోతుంటే అది ఆగిపోలేదు కదా అని నేను వేలు పెట్టి చూసుకునేవాణ్ణి. రోజంతా కలిపి నాలుగు గ్లాసుల నీళ్ళే తాగాలి. చుట్టూ కొబ్బరిచెట్లు, మే నెల ఎండ, ఆయనే దింపిన బొండాలు అరుగు మీద కుప్ప పోసి ఉంటే ఒక్క గుక్క తాగకూడదు, ఎందుకంటే కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషికి అది గుండె మీదికి వస్తుంది. మా పెరట్లో పనసకాయదీ అదే కథ. ఒకరోజు నాన్న బొండాం కొట్టి పక్కింటి పిల్లాడికి ఇచ్చి, వాడు తాగుతుంటే గడప మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. 2013లో పోయాడు.

కాబట్టి ఆ చెకప్ డాక్టరు చెప్పిన నీళ్ళు తాగండి అన్న మాటతో నేను ఊరుకోలేకపోయాను. మరో ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆయన రిపోర్టు చూసి మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీది ఏ ఊరండీ?" చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, "ఉద్దానమా" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో మాట్లాడే పద్ధతే మారిపోయింది. చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు, ఎన్నేళ్ళు అక్కడ ఉన్నారు, ఎండలో పని చేశారా, పురుగుమందు కొట్టారా, ఇంట్లో ఎవరికైనా ఉందా, నొప్పి మాత్రలు ఎన్ని వాడారు, అన్నీ అడిగి రాసుకున్నారు. పందొమ్మిదేళ్ళ వరకూ ఊళ్ళోనే ఉన్నాను, సెలవులొస్తే నాన్నతో జీడితోటలకి వెళ్ళేవాణ్ణి, బోరు నీళ్ళే తాగాం. ఇవన్నీ చెబుతుంటే నా ఒంట్లో ఏముందో కనుక్కోవడానికి నా ఊరు కూడా ఒక పరీక్షే అని మొదటిసారి అనిపించింది.

ఆయన చెప్పినవి నాకు అర్థమైనట్టు రాస్తాను, మా వైపు వాళ్ళు చదివితే పనికొస్తాయి. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూడకూడదు, దాన్ని వయసు, ఆడా మగా అన్నదాంతో కలిపి లెక్క కడితే ఈజీఎఫ్ఆర్ అని వస్తుంది, కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పేది అదే. నాకు 58 వచ్చింది. 60 కంటే తక్కువ మూడు నెలలకి పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు, ఒక్క రిపోర్టు చూసి అనకూడదు, కాబట్టి మూడు నెలలు ఆగి మళ్ళీ చెయ్యాలి. ముందు రోజు రాత్రి మాంసం ఎక్కువ తినకుండా, నీళ్ళు మామూలుగా తాగి, ఒళ్ళు అలిసే పని చెయ్యకుండా రక్తం ఇవ్వాలి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని పరీక్ష చేశారు, అల్ట్రాసౌండ్ చేశారు. మూత్రంలో ఏమీ లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను, కానీ ఆయన అక్కడే ఆపారు. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ ముందే పోతుంది, మీ ఉద్దానంలో వచ్చేదానిలో మొదట్లో అసలు పోకపోవచ్చు, అందుకని మూత్రం బాగుందని నిశ్చింతగా ఉండొద్దు అన్నారు.

మరి ఎందుకొస్తుంది సార్ అని అడిగాను. ఇరవై ఏళ్ళకి పైగా వెతుకుతున్నా ఇదీ అని తేలలేదన్నారు. భూగర్భ జలాల్లో సిలికా, అలాగే సీసం, కాడ్మియం లాంటి లోహాలు, పురుగుమందులు, ఎండలో చెమటోడుస్తూ నీళ్ళు తాగకపోవడం, నొప్పి మందులు, వంశం, ఇవన్నీ అనుమానంలోనే ఉన్నాయి. మన దగ్గరే కాదు, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకి కూడా ఇలాంటిదే ఉందని చెప్పారు. అన్నిచోట్లా వేడి ప్రదేశాలు, అన్నిచోట్లా ఎక్కువగా మగవాళ్ళు, పని చేసే వయసు, పొలం పనే. ఎక్కడో సముద్రాల అవతల చెరకు కొట్టే మనిషికీ మా నాన్నకీ ఒకేలాంటి జబ్బు అని విన్నప్పుడు నాకు ఏదోలా అయిపోయింది.

ఆ మూడు నెలలు నా జీవితంలో చాలా పొడుగైనవి. నొప్పి మాత్ర ఒక్కటి ముట్టలేదు, తలనొప్పి వస్తే పారాసిటమాల్ మాత్రమే. ఇంట్లో బీపీ మెషీన్ కొన్నాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్‌లో ఊరెళ్ళాను, నా కోసం కాదు, అమ్మకీ అన్నయ్యకీ పరీక్ష చేయించడానికి.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. "నాకేటీ నొప్పి లేదు కదరా, ఊరికే సూదులెందుకు" అంది. బతిమాలి తీసుకెళ్ళాను. రిపోర్టులో 1.2 వచ్చింది, దాని పక్కన నక్షత్రం గుర్తు లేదు, కౌంటర్లో అమ్మాయి కూడా నార్మలే అంది. కానీ నేను ఫోన్లో లెక్క కడితే 58 ఏళ్ళ ఆడమనిషికి 1.2 అంటే ఈజీఎఫ్ఆర్ 52. కండ తక్కువున్న మనిషికి క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది, అందుకని మగవాళ్ళకి మామూలు అనిపించే అంకె అమ్మ లాంటి బక్కపలచని మనిషికి మామూలు కాదు. ఈ ఒక్క విషయం మా మండలంలో ప్రతి ల్యాబులో గోడకి అంటించాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది. నార్మల్ అన్న మాట విని ఇంటికెళ్ళిపోయిన అమ్మలు ఎంతమందో.

అన్నయ్య అసలు రాలేదు. వాడికి 36, కొబ్బరి తోటల్లోనే పని. "తెలిస్తే ఏటి సేస్తాం, తెలియకపోతే ఏటి సేస్తాం" అన్నాడు. అసలు భయం అది కాదని నాకు తెలుసు. వాడి కూతురికి పదమూడేళ్ళు. ఆ ఇంట్లో కిడ్నీ ఉందట అన్న మాట ఒకసారి పుడితే రేపు సంబంధాలు వచ్చే చోట రావు. మా ఊళ్ళో అలా ఆగిపోయిన పెళ్ళిళ్ళు నాకు తెలుసు. వాణ్ణి తిట్టలేకపోయాను.

ఊళ్ళో మారినవి కూడా చెప్పాలి. ఇప్పుడు సోంపేట, పలాస, కవిటిల్లోనే డయాలసిస్ ఉంది, డయాలసిస్ వాళ్ళకి నెలకి 10,000 పింఛను వస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో నదినీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. నాన్న ఇవన్నీ చూడకుండానే పోయాడని ఏడుపొచ్చింది. కానీ ఎండలో పన్నెండింటికి జీడిపిక్కలు ఏరే మనిషికి నీడ, మధ్యలో ఆగి నీళ్ళు తాగే వీలు ఎవరిస్తారు? కూలి కేజీల లెక్కన ఇస్తే మనిషి ఆగడు. నది నీళ్ళు వచ్చినా ఆ ఎండ అలాగే ఉంది.

జూన్‌లో మళ్ళీ రక్తం ఇచ్చాను. రిపోర్టు మెయిల్‌లో వస్తే తెరవడానికి గంట పట్టింది. 1.5, ఈజీఎఫ్ఆర్ 62. డిసెంబరులో కూడా అంతే. జబ్బు అని ముద్ర వెయ్యలేం, లేదని వదిలెయ్యలేం అన్నారు డాక్టరు. ఆరు నెలలకోసారి పరీక్ష, బీపీ 130/80 దాటకుండా చూసుకోవడం, నొప్పి మాత్రలు, ఆకు పసర్లు జీవితంలో ముట్టకపోవడం, ఎక్కడ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఊరు పేరు చెప్పడం. నా ఫైలు అట్ట మీద ఆయనే స్వయంగా పేరు కింద పెద్ద అక్షరాలతో ఉద్దానం అని రాసిచ్చారు. అమ్మని కూడా ఇక్కడికే తీసుకొచ్చి చూపించాను, ఆమెకి బీపీ మాత్ర మొదలుపెట్టారు, ఉప్పు తగ్గించమన్నారు, ఎండు చేప మానలేక మానలేక మానుతోంది.

అన్నయ్యతో మాత్రం ప్రతి ఆదివారం ఇదే మాట్లాడుతున్నాను. పనికి తెల్లారి ఐదింటికే వెళ్ళి పదింటికల్లా నీడకి వచ్చేస్తున్నాడు, రెండు లీటర్ల డబ్బా పట్టుకెళ్తున్నాడు, ఒళ్ళు నొప్పులకి సూది మానేశాడు, అంతవరకూ విన్నాడు. పరీక్షకి మాత్రం ఇంకా ఊ అనలేదు. మొన్న ఫోన్లో పనసకాయలు దించడం అయ్యాక చూద్దాంలే అన్నాడు. చూద్దాం అన్నాడు కదా, ఇన్నాళ్ళూ ఆ మాట కూడా అనలేదు. హైదరాబాద్‌కి వాడికీ వదినకీ పాపకీ ముగ్గురికీ రైలు టికెట్లు తీసేశాను. పాపకి చార్మినార్ చూపిస్తానని చెప్పాను.