మన కాలేజీలో ప్రేక్షకులు ఉండేవాళ్లు కాదు

నేను మన కాలేజీలో 1995 నుంచి 98 దాకా చదివాను, బీఎస్సీ, బీజెడ్‌సీ గ్రూపు. అప్పటికి మనం ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవాళ్లం, నన్నయ యూనివర్సిటీ ఇంకా పుట్టలేదు, కోనసీమ జిల్లా అన్న మాటే లేదు, ఏ పెద్ద పనికైనా కాకినాడ పోవాల్సిందే. ఈ పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని అడగగానే, మాస్టార్ల గురించీ చదువు గురించీ మిగతావాళ్లు నాకన్నా బాగా రాస్తారు కదా, నేను క్లబ్బుల గురించి రాద్దాం అనుకున్నాను. నిజానికి అప్పట్లో మేమెవరం క్లబ్బు అనేవాళ్లం కాదు. సాహితి వాళ్లు, సైన్సు వాళ్లు, ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) వాళ్లు, నాటకాల వాళ్లు అనేవాళ్లం. తీరా చూస్తే అన్నిట్లోనూ అవే మొహాలు.

దానికి కారణం లెక్కలోనే ఉంది. ఎన్నెస్సెస్ యూనిట్ అంటే వంద మంది వాలంటీర్లు. 1969లో, గాంధీ గారి శతజయంతి ఏడాదిలో ఆ పథకం మొదలైంది. ఒక్కొక్కరూ ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240 గంటలు పని చేయాలి, అందులో సగం మంది ఏదో ఒక ఊళ్లో స్పెషల్ క్యాంపుకి వెళ్లాలి. పెద్ద కాలేజీలకి ఇదేం లెక్క కాదు. మన దగ్గర అన్ని గ్రూపులూ, మూడు సంవత్సరాలూ కలిపినా మూడు వందలు దాటేవాళ్లం కాదు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు ఎన్నెస్సెస్. ఇక సాహితీ సమితికి, క్విజ్‌కి, కబడ్డీకి, వాలీబాల్‌కి, కాలేజీ డే నాటికకి మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు? ఆ వందలోంచీ, మిగిలిన రెండొందల్లోంచీ రావాలి. కాబట్టి ఇష్టం ఉందా, టాలెంటు ఉందా అని ఎవరూ అడగలేదు. వరండాలో ఖాళీగా నిలబడితే చాలు, ఎవరో ఒక మాస్టారు పిలిచి ఏదో ఒక పని చేతిలో పెట్టేవారు. చిన్న కాలేజీ మాకు చేసిన మేలు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. పక్కన కూచుని చూసే అవకాశం మాకు ఇవ్వలేదు.

గోడపత్రికనే తీసుకోండి. మెట్ల పక్కన వైరు మెష్ తలుపు ఉన్న చెక్క బోర్డు, నెలకో సంచిక. చార్టు మీద రాసేవాళ్లు వేరు, బొమ్మలు వేసేవాళ్లు వేరు, అంటించే బాధ్యత మాత్రం ఫస్టియర్ వాళ్లది. మైదా పిండి నీళ్లలో కలిపి ఉండలు కట్టకుండా కెమిస్ట్రీ ల్యాబులోనే ఉడికించేవాళ్లం, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్లం, దాంతో జిగురు లేత నీలంగా తేలేది. అది చల్లారేలోపు అంటించెయ్యాలి, లేకపోతే కాగితం అంచులు లేచిపోతాయి. మా తెలుగు మాస్టారికి రెండే నియమాలు. వారపత్రికల్లోంచి ఎత్తి రాయకూడదు. ఇంట్లో అమ్మతో ఎలా చెప్తావో అలా రాయాలి. ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుకి ఒక ప్రత్యేక సంచిక వేయించేవారు, ఆయన ఎవరికోసం వాడుకభాష అని పోట్లాడారో తెలుసా, మీలాంటి వాళ్ల కోసం, అని ప్రతి ఏడాదీ చెప్పేవారు. ఏ రచననీ తిప్పి పంపేవారు కాదు. మళ్లీ రాసుకురా అనేవారు, అంతే. మూడోసారి రాసుకొచ్చేసరికి అందులో మన ఊరు, మన మాట కనిపించడం మొదలయ్యేది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు ఏం జరిగిందో కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి చోట్ల వేటకి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. లక్షల కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. మేం సెకండియర్. కాలేజీ మళ్లీ తెరిచేసరికి కరెంటు లేదు, చాలామంది ఇళ్లకి పైకప్పు లేదు. అప్పుడు మాస్టారు, ఈసారి గోడపత్రికలో కవితలు వద్దు, ఎవరి ఊళ్లో ఏం జరిగిందో వాళ్లే రాయండి అన్నారు. బోర్డు చాలలేదు. వరండా గోడ పొడుగునా తాడు కట్టి కాగితాలు వేలాడదీశాం. బజార్లో పనికి వచ్చినవాళ్లు, పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు ఆగి చదివేవాళ్లు, చదవడం రానివాళ్లకి మా ఆడపిల్లలు చదివి వినిపించేవాళ్లు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి రెండు పేజీలు రాసింది. ఇల్లు కూలిపోతుందని తెలిశాక, వాళ్ల నాన్న కుటుంబం మొత్తాన్ని పశువుల సావిట్లోకి మార్చి తెల్లార్లూ ఎలా కూచోబెట్టాడో, ఆవు అరుపు ఎప్పుడు ఆగిందో రాసింది. అంత మంచి వచనం ఆ తర్వాత నేను చాలా తక్కువ చదివాను.

ఆ ఏడాది ఎన్నెస్సెస్ క్యాంపు సంక్రాంతి సెలవులయ్యాక పెట్టారు. మామూలుగా క్యాంపంటే రోడ్డు బాగుచెయ్యడం, మొక్కలు నాటడం. ఈసారి సముద్రానికి దగ్గరున్న ఒక ఊరు. మగపిల్లలకి బస తుఫాను షెల్టర్లో. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తా పొడుగునా ఇలాంటివి కట్టారు. ఆడపిల్లలకి ఎలిమెంటరీ స్కూల్లో. ఆడపిల్లల్ని రాత్రి ఉంచడానికి ఇళ్లలో ఒప్పుకోలేదు మొదట. మా మ్యాథ్స్ మేడమ్ ఇంటింటికీ వెళ్లి, నేనూ వాళ్లతోనే పడుకుంటానండీ, నా కూతుర్ని కూడా తీసుకొస్తున్నాను, అని చెప్పి ఒప్పించారు. ఆవిడ ఆ పని చెయ్యకపోతే క్యాంపుకి వాలంటీర్ల సంఖ్యే సరిపోయేది కాదు.

మా ప్రోగ్రాం ఆఫీసరు జువాలజీ మాస్టారు. తోటల్లో కొబ్బరి మానులు ఎక్కడివక్కడే అడ్డదిడ్డంగా పడున్నాయి, పైన మట్ట ఎండిపోయింది, మొదలు మెత్తబడుతోంది. మాస్టారు ఒక మానుని గునపంతో చీల్చి చూపించారు. ఇవి ఇలాగే కుళ్లితే కొమ్ము పురుగు వీటిల్లోనే గుడ్లు పెడుతుంది, తెల్లటి పిల్ల పురుగులు ఈ చివుకు తింటూ పెరుగుతాయి, పెద్దవై ఎగిరి నిలబడ్డ చెట్ల మొవ్వులో దూరతాయి, గాలివానకి మిగిలినవి దీనికి పోతాయి అన్నారు. పురుగు పట్టిన చెట్టుకి కొత్త ఆకు కత్తెరతో కత్తిరించినట్టు వస్తుందని పుస్తకంలో చదువుకున్నదే, కానీ దాని వెనకాల ఒక రైతు ఏడేళ్ల ఆదాయం ఉంటుందని అక్కడే తెలిసింది. కొత్త మొక్క పెడితే కాపుకి రావడానికి అయిదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది కదా. ఉన్న చెట్టుని కాపాడుకోవడమే దారి.

రంపాలు, గొడ్డళ్లు పట్టుకుని తోటల్లోకి దిగితే రైతులు ఆపేశారు. "లెక్క రాసుకునేవాళ్లు రాకుండా మాను కదిపితే, చెట్టు పడిందని రేపు ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు ఒక పెద్దాయన. నష్టపరిహారం ఆ లెక్క మీదే వస్తుంది మరి, న్యాయమైన మాట. ఆ రాత్రి షెల్టర్లో లాంతరు చుట్టూ కూచుని పద్ధతి మార్చుకున్నాం. బీకాం వాళ్లు ఒక ఫారం గీశారు, రైతు పేరు, సర్వే నంబరు, పడినవి ఎన్ని, మొవ్వు విరిగినవి ఎన్ని, నిలబడ్డవి ఎన్ని. పొద్దున్నే ఇద్దరేసి చొప్పున తోటకెళ్లి ప్రతి మొదలుకీ సున్నంతో నంబరు వేసి, రైతు చేత సంతకమో వేలిముద్రో పెట్టించి, ఆ జాబితాలు ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకొచ్చాం. ముద్ర ఉన్న కాగితం చేతికొచ్చాక ఆ పెద్దాయనే మాకు రంపం పట్టుకోవడం నేర్పించాడు. కొబ్బరి మాను కొయ్యడం చూసినంత తేలిక కాదు, లోపల పీచు రంపాన్ని పట్టేస్తుంది, ఇద్దరూ ఒకే లయలో లాగాలి, మధ్యమధ్యలో నీళ్లు చల్లాలి. కోసిన దుంగలు కొన్ని ఇటుక బట్టీలకి పోయాయి, కొన్ని పంట బోదెల మీద నడిచే వంతెనలయ్యాయి. పూర్తిగా చివికినవాటిని పోగేసి తగలబెట్టాం. అరచేతులు బొబ్బలెక్కాయి, ఆడపిల్లలు కూడా మాతో సమానంగా లాగారు. ఊరంతా శుభ్రం చేశామని చెప్పను, అది మా వల్ల అయ్యే పని కాదు. చేసిన తోటల్లో మాత్రం పూర్తిగా చేశాం, ఎలా చెయ్యాలో మిగతావాళ్లు చూశారు.

మార్చి వచ్చేసరికి హేల్-బాప్ తోకచుక్క. సాయంత్రం చీకటి పడగానే వాయవ్యాన మామూలు కంటికే కనిపించేది. 1995లోనే దాన్ని కనిపెట్టారు, 1997 మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా వెలిగింది. తుఫాను దెబ్బ ఇంకా ఆరలేదు, ఇంతలో ఆకాశంలో తోకచుక్క అంటే జనానికి ఎంత టెన్షనో ఊహించండి. ఇంకో ఉప్పెన వస్తుందట అని ఊళ్లో పుకారు. మా ఫిజిక్స్ మాస్టారు సైన్సు వాళ్లని పిలిచి, భయపడకండి అని చెప్పడం కాదు, తీసుకొచ్చి చూపించండి అన్నారు. కాలువ గట్టు మీదకి ఊళ్లోవాళ్లని పోగేసి చూపించాం. దుమ్ముతో ఏర్పడిన తెల్లటి తోక తేలిగ్గా దొరికేది, నీలంగా సన్నగా ఉండే వాయువు తోక కోసం కాసేపు కళ్లు అలవాటు పడాలి. తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపుకే ఉంటుందనీ, ఇది మళ్లీ రావడానికి రెండువేల ఏళ్లకి పైగా పడుతుందనీ చెప్పాం. ఒక మామ్మ గారు మాత్రం ఒప్పుకోలేదు, ఇదే తుఫాను తెచ్చిందంది. అప్పుడు మా క్లాసు అమ్మాయి, "ఇది ప్రపంచమంతా కనబడుతోంది కదా మామ్మా, మరి తుఫాను మనకే ఎందుకొచ్చింది?" అంది. మామ్మ చాలాసేపు ఆలోచించి, మీ మాస్టార్ని అడిగి చెప్పు అంది. తుఫాన్లు సముద్రంలో ఎలా పుడతాయో చెప్పడానికి మర్నాడు మళ్లీ వెళ్లాం, జనం మళ్లీ వచ్చారు.

నాటికలు, ఆటల గురించి ఎక్కువ రాయను, మా బ్యాచ్‌లో వేరేవాళ్లు రాస్తున్నారని విన్నాను. ఒక్క మాట, కబడ్డీ జట్టులో సగం మంది కాలేజీ డే నాటికలో కూడా ఉండేవాళ్లు కాబట్టి ప్రాక్టీసు అయ్యాక చీకటిపడేదాకా రిహార్సల్ నడిచేది, తర్వాత అందరూ సైకిళ్ల మీద గుంపుగా ఇళ్లకి పోయేవాళ్లం, దూరం ఊరి ఆడపిల్లల్ని వాళ్ల వీధి దాకా దిగబెట్టి.

మొన్న సమావేశానికి వచ్చినప్పుడు నోటీసు బోర్డు దగ్గర క్లబ్బుల జాబితా చూశాను. మా రోజులకన్నా చాలా ఎక్కువ ఉన్నాయి, ఎకో క్లబ్బు, వినియోగదారుల క్లబ్బు, రెడ్ రిబ్బన్ క్లబ్బు, అన్నీ మంచివే. కాలేజీలని మదింపు చేసే న్యాక్ కోసం ఫైళ్లు, ఫొటోలు ఉండాలి, అదీ అర్థం చేసుకోగలను. కానీ పిల్లలతో కాసేపు కూచుంటే ఒక సంగతి బయటపడింది. సాయంత్రం నాలుగున్నర బస్సు తప్పిపోతే చాలామందికి, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఇంటికి చేరే దారి లేదు. అందుకని ఏ కార్యక్రమమైనా మధ్యాహ్నం గంటలో ముగించెయ్యాల్సి వస్తోంది, ఊళ్లో ఉండే ఆ పదిమందే అన్నిట్లోనూ కనిపిస్తున్నారు. మిగతావాళ్లకి ఆసక్తి లేక కాదు. సైకిళ్లతో మాకు కుదిరింది వాళ్లకి బస్సుతో కుదరడం లేదు.

పూర్వ విద్యార్థుల సంఘం ఈసారి డబ్బు పోగుచేస్తే ముఖద్వారానికో, శిలాఫలకానికో పెట్టొద్దని నా విన్నపం. వారంలో రెండు సాయంత్రాలు ఏడు గంటలకి పిల్లల్ని ఊళ్లకి దిగబెట్టడానికి రెండు ఆటోలు మాట్లాడదాం. ఎన్నెస్సెస్ దత్తత గ్రామం ఎలాగూ ఉంది, అక్కడికి వెళ్లి రావడానికీ అవే పనికొస్తాయి. తోడుగా ఒక మేడమ్ వెళ్లేలా ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాలి. 96 నాటి ఆ వేలాడదీసిన కాగితాలు, క్యాంపు ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే లైబ్రరీకి ఇవ్వండి, నా దగ్గరున్నవి ఇచ్చేశాను. ఆటోల ఖర్చులో నా వంతు ఈ నెలే సంఘం ఖాతాలో వేస్తున్నాను, మా 98 బ్యాచ్ వాళ్లందరికీ నేనే ఫోన్ చేస్తాను.