హైతీ సరిహద్దు మ్యాప్: పచ్చగా ఉన్న వైపే ఎర్రబడింది

మొన్న రాత్రి మ్యాప్ తెరుచుకోగానే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. హిస్పానియోలా దీవిని పైనుంచి చూస్తే పడమట హైతీ గోధుమరంగులో, తూర్పున డొమినికన్ రిపబ్లిక్ పచ్చగా కనిపించే చోట్లు ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలతో మ్యాపులు గీసే సరదా ఉన్నవాళ్లందరికీ తెలుసు. నా లెక్కలో మాత్రం అడవి పోగొట్టుకున్నది డొమినికన్ వైపే! సియెర్రా దె బావోరుకో కొండల మీది పైన్ అడవిలో సగానికి పైగా ఎర్రమచ్చ, అంటే అడవి పోయినట్టు. హైతీ వైపు దాదాపు ఏమీ లేదు.

పెట్టుకున్న లెక్క ఇది: 2021, 2023 జనవరి-మార్చి సెంటినెల్-2 ఉపగ్రహం టైల్స్ (చిత్రాల ముక్కలు), 10 మీటర్ల బ్యాండ్లు (ఒక్కో రకం కాంతికి ఒక్కో చిత్రం), ఎన్‌డీవీఐ (పచ్చదనం కొలత: 8వ, 4వ బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది) 0.2 కంటే ఎక్కువ తగ్గితే నష్టం. 2021వి ఎప్పుడో దించి హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నవి, 2023వి ఈ నెలలో దించినవి.

ముందు మబ్బులను అనుమానించాను. ఎల్2ఏ (గాలి ప్రభావం తీసేసిన చిత్రాలు)తో వచ్చే మబ్బుల మాస్క్ (మబ్బున్న పిక్సెళ్లను పక్కనపెట్టే పొర) మీద నాకెప్పుడూ నమ్మకం లేదు, తెల్లటి సున్నపురాయి నేలను కూడా మబ్బు అనేస్తుంది. మాస్క్ తీసేసి, మబ్బుల్లేని తేదీలు చేత్తో ఏరుకుని మళ్లీ నడిపాను. అదే ఎరుపు. కొండనీడలా? రెండేళ్లూ అవే నెలలు, సూర్యుడి ఎత్తులో పెద్ద తేడా ఉండదు. కార్చిచ్చా? పైన్ అడవి కాబట్టి కాసేపు నమ్మాను. కానీ నిప్పు ఇంత సమానంగా కాల్చదు.

ఇక పిక్సెళ్ల మీద పడ్డాను. బావోరుకో పైన్ అడవిలో ఒకటి: 2021లో 8వ బ్యాండ్ (దగ్గరి పరారుణ కాంతి) 2860, 4వ బ్యాండ్ (ఎరుపు కాంతి) 310, ఎన్‌డీవీఐ 0.80. 2023లో 3840, 1320, అంటే 0.49. హైతీ వైపు బోడికొండ మీద ఒకటి: 2300, 1100 కాస్తా 3320, 2090 అయ్యాయి. ఎన్‌డీవీఐ 0.35 నుంచి 0.23కి దిగింది. నాలుగు విలువలూ ఇంచుమించు వెయ్యి చొప్పున పెరగడం అప్పుడే కంటపడాలి. నిద్రమత్తు.

పట్టిచ్చింది ఎన్రికియో సరస్సు. 8వ బ్యాండ్‌లో లోతైన నీళ్లు నల్లగా ఉండాలి. 2021లో 180, 2023లో 1170. నీళ్లు అంతలా మెరవవు కదా! ఫైల్ పేర్లు చూస్తే పాతవాటిలో ఎన్0214, కొత్తవాటిలో ఎన్0509, అంటే 02.14, 05.09 బేస్‌లైన్లు (చిత్రాలను తయారుచేసే పద్ధతి వెర్షన్లు). 2022 జనవరి 25న వచ్చిన 04.00 బేస్‌లైన్ నుంచి ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు, వాడేవాళ్లు తీసేసుకోవాలి. ఈ సంగతి ఎప్పుడో చదివాను కూడా.

మరి అడవే ఎందుకు ఎర్రబడింది? రెండు బ్యాండ్లకూ వెయ్యేసి కలిసి, ఎన్‌డీవీఐ భిన్నంలో పైనున్న తేడా మారకుండా కింది మొత్తానికి 2000 కలిస్తే, ఎన్‌డీవీఐ ఎక్కువున్న చోటే ఎక్కువ పడుతుంది. అడవిలో 0.31 పడి నా గీత దాటింది, బోడికొండ మీద 0.12తో ఆగిపోయింది.

వెయ్యి తీసేశాక అడవి పిక్సెల్ 0.80కి వచ్చింది, ఎరుపు చాలావరకు పోయింది. ఒక చిక్కు మిగిలింది: టైల్ అంచుల్లో డేటా లేని 0 కూడా -1000 అవుతుంది, నీడల్లో రుణసంఖ్యలు వచ్చి ఎన్‌డీవీఐ 1 దాటిపోతుంది. ముందు సున్నాలను మాస్క్ చేసి, తర్వాత వెయ్యి తీసి, రుణసంఖ్యలను 0 దగ్గర ఆపాను.

గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఈ వెయ్యిని ముందే సరిచేసిన హార్మనైజ్డ్ కలెక్షన్ తీసుకుంటే ఈ గోలే ఉండదు. నాకేమో టైల్స్ నా దగ్గరుండాలి, క్యూజీఐఎస్ మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో నేనే లెక్క కట్టాలి. మొండితనానికి రెండు రాత్రులు పోయాయి. 72 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర యూటీఎం జోన్ (మ్యాప్ కొలతల పట్టీ) మారడం మాత్రం విసిగించలేదు, అన్నిటినీ 19వ జోన్‌లోకి తెచ్చేశా.

ఇక రెండు దేశాలనూ హెక్టార్లలో పోల్చను. హైతీ వైపు మిగిలిన అడవే తక్కువ, అంకె చిన్నదే వస్తుంది. హాన్సెన్ డేటా (ప్రపంచమంతటి చెట్ల కప్పు మ్యాప్)లోని 2000 నాటి చెట్ల కప్పును పునాదిగా తీసుకుని, అందులో ఎంత శాతం పోయిందో చూడాలి. అందులో మామిడి తోటలు, నీడ కాఫీ తోటలు కూడా చెట్లే. 30 శాతం కప్పు దగ్గర గీత గీస్తే అడవి ఎక్కడ ఆగి తోట ఎక్కడ మొదలవుతుందో 30 మీటర్ల పిక్సెల్ చెప్పదు. ముందు గీతను 30, 50, 75 దగ్గర మార్చి చూస్తా. ఆ తర్వాత 2016 అక్టోబర్‌లో మాథ్యూ తుపాను తాకిన హైతీలోని మకాయా కొండలు. అక్కడ మబ్బులు వదిలేలా లేవు, మబ్బుల్లోంచి కూడా చూసే సెంటినెల్-1 రాడార్ నేర్చుకోక తప్పదేమో.