బంతిలో చోటు

మొన్న బంధువుల గృహప్రవేశ భోజనాల్లో, హెచ్‌ఐవీకి ఏళ్లుగా మందులు వాడుతున్న మా అక్కను అందరితో పాటు బంతిలో కూర్చోనివ్వకుండా, వసారాలో విడిగా విస్తరి వేసి కాగితం గ్లాసులో నీళ్లిచ్చారు. ఆవిడ మారు మాట్లాడకుండా తిని లేచింది. నాకు ముద్ద దిగలేదు. ఆవిడ సమ్మతితోనే ఇది రాస్తున్నాను.

కలిసి తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, పసిబిడ్డను ఎత్తుకున్నా ఈ వైరస్ సోకదు. చదువుకున్నవారిలోనూ ఉన్న దోమల భయం నిరాధారమే: దోమ కుట్టేటప్పుడు మన ఒంట్లోకి వదిలేది తన లాలాజలాన్నే గాని అంతకుముందు పీల్చిన రక్తాన్ని కాదు, పైగా హెచ్‌ఐవీ దోమ శరీరంలో వృద్ధి చెందలేదు. రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం, ఒకరు వాడిన సూదులు, తల్లి నుంచి బిడ్డకు సంక్రమించడం, ప్రధానంగా సోకే దారులు ఇవి.

ప్రభుత్వాసుపత్రుల ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో 2004 నుంచి ఉచితంగా ఇస్తున్న మందులను క్రమం తప్పకుండా వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి లైంగికంగా కూడా ఇతరులకు సోకదని పెద్ద అధ్యయనాల్లో తేలింది. అక్క రిపోర్టులోనూ వైరస్ అలా పరీక్షకు అందనంతగానే ఉంది. ఆవిడ సరేనంటే ఆ ఇంటి పెద్దలతో నేనే మాట్లాడతాను.